లావు అక్షరం అరుస్తుందా?

ప్రశ్న: నమస్కారమండి. మాది గాజువాక. నాలుగేళ్లుగా ఇంట్లోనే చిరుధాన్యాలతో జంతికలు, గవ్వలు, సున్నుండలు చేసి అమ్ముతున్నాను. ఇప్పటిదాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు, ఎగ్జిబిషన్లలో చిన్న స్టాళ్లు, ఆ నోటా ఈ నోటా విని వచ్చేవాళ్లు, అంతే. వచ్చే నెల ఎంవీపీ కాలనీలో కౌంటర్ తెరుస్తున్నాం. దానికి బోర్డు, కొత్త ప్యాకెట్లు కావాలి. డిజైన్ కోర్సు చదువుతున్న మా ఆడపడుచు కొడుకు మా పేరును బాగా లావుగా, గుండ్రంగా ఉండే తెలుగు ఫాంటులో వేసి ఇచ్చాడు. ఫాంటు పేరు బాలూ తమ్ముడు అట. నాకు నచ్చింది. మా మావగారు మాత్రం ‘ఇదేంటమ్మా, ఎలక్షన్ ఫ్లెక్సీలా అరుస్తోంది’ అన్నారు. మా ఆయనేమో సన్నటి ఇంగ్లిష్ అక్షరాలైతే క్లాస్‌గా ఉంటుందంటారు. ఫ్లెక్సీ షాపతను ఇంకాస్త లావు చేసి పసుపు షాడో పెడతానంటున్నాడు. పైగా ఆ ఫాంటు నెట్‌లో ఫ్రీగా దొరికిందట. వ్యాపారానికి వాడితే రేపు ఎవరైనా వచ్చి డబ్బులు అడుగుతారేమోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు? లోగో, పాత స్టిక్కరు ఫొటోలు జత చేశాను.
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, ఫొటోలు చూశాను. మీ పేరు ఇక్కడ వేయడం లేదు. పాఠకులకు అర్థం కావాలి కాబట్టి ఇంతవరకు చెబుతాను: నాలుగక్షరాల పేరు, ‘ధ’తో మొదలవుతుంది, మధ్యలో ఒక ఒత్తు ఉంది. మీ ఇంట్లో నలుగురూ నాలుగు మాటలన్నారు గానీ ఆ ‘ధ’ గురించి, ఆ ఒత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు తేల్చుకోవాల్సింది వాటి సంగతే.

ముందు మీ మావగారి మాట. ఆయన తప్పు అనలేదు, కాకపోతే నేరం లావు మీద మోపారు. లావుగా ఉన్న అక్షరమల్లా అరవదు. ఇంగ్లిష్‌లో రెండు ఫాంట్లు తీసుకోండి. ఇంపాక్ట్ అనేది 1965లో వచ్చింది, దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. అక్షరాలు లావుగా, నిలువుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ రద్దీ బస్సులో జనంలా నిలబడతాయి. అది అరుస్తుంది. కూపర్ బ్లాక్ అని ఇంకొకటి ఉంది. 1922లో చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ అనే ఆయన గీశారు. అదీ అంతే లావు, కానీ మూలలన్నీ మెత్తగా, పొంగిన పూరీలా ఉంటుంది. ఈజీజెట్ అనే విమాన సంస్థ నారింజ రంగు మీద పేరు రాసుకునేది ఈ అక్షరాలతోనే. దాన్ని చూస్తే ఎవరికీ అరుపు అనిపించదు. రెండింట్లోనూ సిరా బోలెడంత. తేడా అంతా మూలల్లో, అక్షరానికీ అక్షరానికీ మధ్య వదిలిన చోటులో ఉంది.

మీ మేనల్లుడు ఎంచుకున్న బాలూ తమ్ముడు ఈ రెండో రకం. ముంబయిలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ దీన్ని చేసింది. ఒక్క తెలుగుకే కాదు, చాలా భారతీయ లిపులకు ఇలాంటివే చేసి ఒక్కో భాషలో ఒక్కో అన్నదమ్ముల పిలుపు పెట్టారు. మలయాళానిది చేట్టన్, తమిళానిది తంబి, బెంగాలీది దా, మనది తమ్ముడు. ఎలుగుబంటి పిల్లలా బొద్దుగా ఉంటుంది. జంతికలకు, సున్నుండలకు ఈ బొద్దుతనం బాగా నప్పుతుంది, మీ కంటికి నచ్చడంలో వింతేమీ లేదు. మరి మావగారికి ఎలక్షన్ ఫ్లెక్సీ ఎందుకు గుర్తొచ్చింది? కుర్రాడు వేసిన నమూనాలో పేరు ఈ చివర నుంచి ఆ చివరకు అంచులు తాకుతోంది. నాలుగు వైపులా బొటనవేలంత ఖాళీ కూడా లేదు. పైగా ఎరుపు మీద పసుపు. ఆ పేరును మూడో వంతు తగ్గించి, చుట్టూ చోటు వదిలి, అదే ఫాంటుతో మళ్లీ చూపించండి. ఆయన మాట మారకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఇక ‘ధ’ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

పాతికేళ్ల కిందట డాబాగార్డెన్స్‌లో బోర్డులు రాసే ఆర్టిస్టు దగ్గర పని నేర్చుకున్నాను. బ్రష్షు, ఎనామిల్ పెయింటు, సుద్ద పూసిన దారం, అంతే సామగ్రి. అప్పుడే ఒక దుకాణానికి సొంతంగా బోర్డు రాసే అవకాశం వచ్చింది. పేరులో ‘శుభ’ అని ఉంది. కుర్రతనం కదా, ఎంత లావుగా రాస్తే అంత గొప్ప అనుకున్నాను. బోర్డు ఎక్కించాక అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి చూస్తే ‘శుబ’ అని ఉంది! ‘భ’ కింద ఉండే చిన్న నిలువు గీత అక్షరం లావులో కలిసిపోయి మాయమైంది. యజమాని మంచివాడు, తిట్టకుండా తిరిగి రాయించుకున్నాడు. పెయింటు ఖర్చు నాదే అనుకోండి.

తెలుగులో ఇలాంటి అక్షరాలు చాలా ఉన్నాయి. ‘ద’కు కింద చిన్న గీత పెడితే ‘ధ’, ‘బ’కు తలకట్టుతో పాటు పెడితే ‘భ’, ‘ప’కు పెడితే ‘ఫ’, ‘డ’కు పెడితే ‘ఢ’. ‘ర’ పొట్టలో చుక్క పెడితే ‘ఠ’. మాటకు అర్థం మార్చేసే ఆ గీత, ఆ చుక్క అక్షరంలో పదో వంతు కూడా ఉండవు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలను లావు చేస్తే మహా అయితే అందం చెడుతుంది. మన అక్షరాన్ని ఆలోచించకుండా లావు చేస్తే ఒక అక్షరం ఇంకో అక్షరం అయిపోతుంది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ ఉన్న చోటులోనే సర్దుకోవాలి. పైది లావైతే కిందది నలుగుతుంది.

మా ఆర్టిస్టు బోర్డు పూర్తయ్యాక రోడ్డు దాటి వెళ్లి, కళ్లు సగం మూసి చూసేవాడు. ఏ అక్షరం నల్ల ముద్దలా కనబడితే దాన్ని తుడిపించేవాడు. ఆయన చూసింది రంగును కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అక్షరం పొట్టలో మిగిలిన ఖాళీని చూసేవాడు. లావు అక్షరం చదవగలిగేది ఆ ఖాళీ వల్లే. మంచి లావు ఫాంటు గీసేవాళ్లు గీతలు కలిసే చోట్ల కావాలని సన్నం చేస్తారు, ఒత్తును కాస్త కిందికి దించుతారు, ‘ధ’ గీతను కొంచెం పొడుగు చేస్తారు. బాలూ తమ్ముడులో ఈ పని శ్రద్ధగానే చేశారు. మీ ఫ్లెక్సీ షాపతను ‘ఇంకాస్త లావు చేస్తా’ అంటున్నది ఈ పనినే చెడగొట్టడానికి. అతను చేసేదేమిటంటే, అక్షరం చుట్టూ అదే రంగులో స్ట్రోక్, అంటే అంచు గీత, ఇస్తాడు. బయటికి ఎంత పెరుగుతుందో పొట్టలోకీ అంతే పెరుగుతుంది. మీ ‘ధ’ అక్కడే ‘ద’ అవుతుంది. దాని మీద షాడో కూడా పడితే ఒత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. మర్యాదగానే చెప్పండి: స్ట్రోక్ వద్దు, షాడో వద్దు, బోర్డు నింపడానికి అడ్డంగా సాగదీయడమూ వద్దు.

ఇంకో జాగ్రత్త. చాలా ఫ్లెక్సీ షాపుల్లో ఇప్పటికీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లే వాడతారు. అవి యూనికోడ్ కావు, అంటే ఇప్పటి కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో లేవు. మీ ఫైలు వాళ్ల కంప్యూటర్‌లో తెరిస్తే మీ ఫాంటు లేక వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. లేదంటే వాళ్లే పేరు మళ్లీ టైపు చేసి దగ్గరగా కనబడే ఫాంటుతో సరిపెడతారు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తు కిందికి చేరకుండా పొల్లుతో విడిపోయి పక్కన పడుతుంది. ఊళ్లో అలాంటి బోర్డులు మీరూ చూసే ఉంటారు. అందుకని మేనల్లుడితో పేరును కర్వ్స్‌గా మార్చిన పీడీఎఫ్ చేయించి అదే ఇవ్వండి. అప్పుడు అది అక్షరాల్లా కాదు, బొమ్మలా వెళుతుంది. ఫాంటు మారిపోతుందన్న భయం ఉండదు.

ప్యాకెట్లకు వద్దాం. మీ పాత స్టిక్కరు ఫొటోలో పేరు మొత్తం మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు. డిస్‌ప్లే ఫాంట్ అంటేనే పెద్ద సైజులో, కొద్ది అక్షరాలకు గీసినది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీ ప్రకటనలకు, గోడ పోస్టర్లకు పుట్టిన తిండిపోతు అక్షరాల వంశం ఇది. దాన్ని చిన్న స్టిక్కరులోకి కుదిస్తే ఊపిరాడదు. క్రాఫ్ట్ పేపర్ పౌచ్ మీద ముద్రిస్తే కాగితం సిరాను పీల్చుకుని గీతలు ఇంకాస్త ఉబ్బుతాయి. ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి, ఆ సన్న గీతలను, ఒత్తులను ముందు తినేస్తుంది.

కాబట్టి లోగోను రెండు రకాలుగా చేయించండి. బోర్డుకు ఇప్పుడున్న ఎక్స్‌ట్రాబోల్డ్, అంటే అన్నిటికంటే లావుది. ప్యాకెట్‌కు అదే ఫాంటులో ఒకటి రెండు మెట్లు కిందికి, బోల్డ్ గానీ సెమీబోల్డ్ గానీ. బాలూ తమ్ముడు కొత్త కూర్పులో మామూలు సన్నం నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా 5 మెట్లున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరూ తేడా పట్టుకోలేరు. అసలుకే తక్కువ చోటున్న 100 గ్రాముల ప్యాకెట్ మీద ‘ధ’ మాత్రం ‘ధ’గానే ఉంటుంది.

ప్యాకెట్ మీద మిగతా రాతలకు ఈ ఫాంటు అస్సలు వాడకండి. పదార్థాలు, తయారీ తేదీ, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు 14 అంకెలు, ధర ఇవన్నీ మామూలు సన్న ఫాంటులో ఉండాలి. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటు చాలు. చట్టప్రకారం ఉండాల్సిన వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. ఇది మర్చిపోయి అంతా తెలుగులోనే కొట్టించుకుని మళ్లీ స్టిక్కర్లు అంటించుకున్నవాళ్లను చూశాను.

బోర్డు లెక్క చెబుతాను. బోర్డుల పనిలో ఒక పాత కొలత ఉంది: సుఖంగా చదవాలంటే 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం. మీ కౌంటర్‌కు 60 అడుగుల దూరంలో, రోడ్డు అవతల నిలబడ్డవాళ్లు చదవాలంటే 6 అంగుళాలు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకైతే లెక్క ఇక్కడితో అయిపోతుంది. మనకు ఆ 6 అంగుళాలు అక్షరం ఒంటికే కావాలి. పైన గుడికి, కింద ఒత్తుకు వేరే చోటు పట్టాలి, చుట్టూ ఖాళీ వేరే. రెండడుగుల ఎత్తున్న బోర్డు తీసుకుంటే ఇరుకు లేకుండా సరిపోతుంది. అడుగు బోర్డులో ఇరికించి ‘లావుగా ఉందిలే, కనబడుతుంది’ అనుకుంటే కనబడేది రంగే.

రాత్రి సంగతి వేరు. మీ కౌంటర్‌కు సాయంత్రం బేరమే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎల్ఈడీ అక్షరాలు పెట్టించుకుంటారనుకుంటాను. వెనక నుంచి వెలిగే అక్షరం కంటికి ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది, వెలుగు అంచులు దాటి పొట్టలోకి పాకుతుంది. లైటు అక్షరాలకు కూడా ఆ తక్కువ లావు కూర్పే ఇవ్వండి. పగటి బోర్డు కంటే రాత్రి బోర్డు సన్నంగా గీయించమంటే షాపతను విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.

మన ఊరి గాలి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గాజువాకలో మీ గేటు తుప్పు చూసే ఉంటారు, ఎంవీపీ కాలనీ సముద్రానికి ఇంకా దగ్గర. ఇనుప ఫ్రేము మీద అక్షరాలు బిగిస్తే రెండు వానాకాలాలు తిరక్కుండానే ప్రతి అక్షరం కింద తుప్పు చారలు కారతాయి. లావు అక్షరం బరువు కూడా ఎక్కువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక బీచ్ రోడ్డులో నడిస్తే కాళ్ల కింద బోర్డు ముక్కలే. అప్పటినుంచి నేను ఎవరికి బోర్డు చేసినా గోడకు నేరుగా బిగించే అక్రిలిక్ అక్షరాలు, స్టీలు మరలు అనే చెబుతున్నాను. ఖర్చు కాస్త ఎక్కువ.

మీ ఆయన సన్నటి ఇంగ్లిష్ కోరిక విషయంలో నేను మొహమాటపడను. సన్నటి అక్షరాలు నగల దుకాణానికి, ఆర్కిటెక్ట్ ఆఫీసుకు బాగుంటాయి. బెల్లం గవ్వలకు ఆ నాజూకుతనం ఎందుకు? అయితే ఇంగ్లిష్‌లో పేరు ఉండాల్సిందే. తెలుగు చదవడం రాని పిల్లలున్నారు, బెంగాల్, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు. బాలూలోనే దానికి జోడీగా గీసిన ఇంగ్లిష్ అక్షరాలున్నాయి, అవే వాడండి. వేరే ఫాంటు తెచ్చి అతికించకండి. పెద్ద అక్షరాలు కాకుండా చిన్న అక్షరాల్లో, తెలుగు పేరు కింద, దాని ఎత్తులో మూడో వంతుకు మించకుండా. ఇంగ్లిష్ అక్షరాలకు పైన కింద తోకలు తక్కువ కాబట్టి సమానంగా పెడితే తెలుగును మింగేస్తాయి.

ఇంట్లో పంచాయితీ తెగకపోతే ఇంకో రెండు ఫాంట్లు పక్కన పెట్టి చూడండి. రామభద్ర ఒకటి. అష్టదిగ్గజాల్లోని అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. ఆ వరసలో పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మన గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి. రామభద్ర లావుదే గానీ ఒక్క లావులోనే దొరుకుతుంది, కాబట్టి నేను చెప్పిన రెండు కూర్పుల పద్ధతి దానితో కుదరదు. రెండోది అనేక్ తెలుగు, ఇదీ ఏక్ టైప్ వాళ్లదే. ఇందులో లావే కాదు, వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నాలుగక్షరాల పేరుకు ఆ అవసరం లేదు. పది అక్షరాల పేరున్నవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది. నన్ను తేల్చమంటే బాలూ తమ్ముడు దగ్గరే ఆగుతాను.

డబ్బుల భయం వదిలేయండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే ఈ మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే. లోగోకు, బోర్డుకు, ప్యాకెట్‌కు, వ్యాపారానికి దేనికైనా ఉచితం. ఆ ఫాంటు ఫైలును విడిగా అమ్మకూడదు, అంతే. ఒకటే చూసుకోండి: మేనల్లుడు దాన్ని గూగుల్ ఫాంట్స్ నుంచే దించాడా, లేక ఊరూపేరూ లేని సైటు నుంచా? అలాంటి సైట్లలో ‘సొంత వాడకానికి మాత్రమే’ అని చిన్నగా రాసిన ఫాంట్లు కలిసిపోయి ఉంటాయి. ఫాంటుతో పాటు వచ్చే లైసెన్సు ఫైలును లోగో ఉన్న ఫోల్డర్‌లోనే దాచమనండి.

కానీ ఫాంటు ఉచితమంటే ఎవరైనా వాడుకోవచ్చనే కదా. రేపు పక్క వీధిలో ఇంకొకరు ఇదే ఫాంటుతో గవ్వలు అమ్మినా మీరేమీ అనలేరు. మీది అనిపించుకోవాల్సింది పేరు. దాన్ని ట్రేడ్‌మార్కుగా, బొమ్మ కాకుండా మాటగా నమోదు చేయిస్తే ఏ ఫాంటులో రాసినా హక్కు మీదే. ట్రేడ్‌మార్కుల్లో సరుకులను క్లాసులుగా విడదీస్తారు, జంతికల్లాంటివి 30వ క్లాసులోకి వస్తాయి. సొంత పేరుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే క్లాసుకు ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. బోర్డుకు పెట్టే ఖర్చు ముందు అదెంత?

వాట్సాప్ డీపీ మర్చిపోయేలా ఉన్నాను. మీ బేరం మొదలైందే అక్కడ కాబట్టి చెబుతున్నాను. ఆ చిన్న గుండ్రంలో నాలుగక్షరాలూ పెడితే చీమల బారు. ఒక్క ‘ధ’ పెట్టండి, ఎక్స్‌ట్రాబోల్డ్‌లో, చుట్టూ ఖాళీతో. అంత లావుగా ఉండి, లోపలి ఖాళీ తెరుచుకుని, కింద గీత తెలుస్తూ ఉంటే ఆ అక్షరం ఎంత అందంగా ఉంటుందో చూద్దురుగాని.

ఇప్పుడు చేయాల్సింది ఇది. జిరాక్స్ షాపులో పేరును మూడు లావుల్లో, ఒక్కో పెద్ద కాగితం మీద ఒక్కోటి, నలుపు తెలుపులో తీయించండి. అక్షరం 4 అంగుళాలుంటే చాలు. సాయంత్రం వెలుగు తగ్గే వేళ ఒక్కొక్కటీ గేటుకు అంటించి, మావగారిని 40 అడుగుల దూరంలో కళ్లజోడు లేకుండా నిలబెట్టండి. పేరు ఆయనకు ముందే తెలుసు కాబట్టి ఊహించి చదివేస్తారు. అందుకని మేనల్లుడితో నాలుగో కాగితం కూడా చేయించండి, ‘ధ’ బదులు ‘ద’ పెట్టి. అన్నీ కలిపేసి చూపించండి. ఆ ఒక్కటీ తప్పని ఏ లావులో పట్టుకోగలిగారో, ఏ లావులో పట్టుకోలేకపోయారో కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకోండి. అన్నట్టు, తప్పు కాగితాన్ని మూడు లావుల్లోనూ తీయించాలి సుమా, లేకపోతే లెక్క తేలదు. ఫ్లెక్సీ షాపుకు అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.